గుండీలన్నీ సరిగ్గానే ఉన్నాయి

2001లో విడుదలైన 'బ్లాక్ హాక్ డౌన్' సినిమాని యుద్ధ సినిమాల్లో వాస్తవికతకి కొలబద్దగా చెప్తుంటారు. 1993 అక్టోబరు 3, 4 తేదీల్లో సోమాలియా రాజధాని మొగదిషులో అమెరికన్ సైనికులకీ స్థానిక సాయుధులకీ మధ్య జరిగిన పోరాటం దాని కథ. రిడ్లీ స్కాట్ దాన్ని మొరాకోలో తీశాడు. అమెరికన్ సైన్యం తన హెలికాప్టర్లనీ, వాటిని నడిపే పైలట్లనీ, వాటిలోంచి తాళ్ళు పట్టుకుని దిగే రేంజర్లనీ పంపించింది. నటులు సైనిక స్థావరాలకి వెళ్ళి శిక్షణ పొందారు. చాలా పాత్రలకి ఆ పోరాటంలో పాల్గొన్న సైనికుల అసలు పేర్లే పెట్టారు.

ఒక్క పేరు దగ్గర మాత్రం ఈ పట్టుదల సడలిపోయింది. ఈవన్ మెక్‌గ్రెగర్ వేసిన పాత్రకి సినిమాలో గ్రైమ్స్ అని పేరు. ఆ పాత్రకి మూలమైన సైనికుడు సినిమా వచ్చేనాటికి జైల్లో ఉన్నాడు. పన్నెండేళ్ళు నిండని బాలికపై అత్యాచారం చేసినందుకు 2000లో సైనిక న్యాయస్థానం అతనికి 30 ఏళ్ళ శిక్ష వేసింది. పేరు మార్చమని సైన్యమే అడిగిందని, సినిమాకి ఆధారమైన పుస్తకం రాసిన జర్నలిస్టు మార్క్ బౌడెన్ పత్రికలకి చెప్పాడు. (అతని పేరు నేనూ రాయడం లేదు. నా కారణం వేరు. ఆ పేరు చెప్తే ఆ బాలిక ఎవరో తెలిసిపోతుంది.)

అంటే హెలికాప్టర్ రెక్క చప్పుడు నిజం. బూట్లు, హెల్మెట్లు, తుపాకి పట్టుకునే తీరు నిజం. అతను ఆ రోజు చూపించిన సాహసం కూడా నిజమే. ఆ సాహసం చేసిన మనిషి ఒక పసిపిల్లకి ఏం చేశాడన్న నిజానికి మాత్రం తెర మీద చోటు లేదు. ఆ మాట వస్తే మిగతా నిజాలన్నీ మసకబారిపోతాయని సైన్యానికి తెలుసు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కనుక 'వాస్తవిక చిత్రణ' అన్న మాట ఎప్పుడు విన్నా నాకు అనుమానమే. ఎవరి వాస్తవం, ఎవరు చూసిన వాస్తవం, దాన్ని వాస్తవమని ధ్రువీకరించింది ఎవరు అని కథల గురించి అడగడం మనకి అలవాటే. యుద్ధ సినిమాల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్నలు మానేస్తాం. అది మగవాళ్ళ వ్యవహారం, మనకి తెలియని సాంకేతిక విషయం అనుకుని పక్కకి తప్పుకుంటాం. ఈ వ్యాసంలో ఆ సాంకేతిక విషయం లోపలికే వెళ్ళి చూడాలని నా ప్రయత్నం.

సైన్యానికీ సినిమాకీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఇవాళ్టిది కాదు. మొట్టమొదటి ఆస్కార్ ఉత్సవంలో ఉత్తమ చిత్రంగా నిలిచిన 'వింగ్స్' 1927 నాటి మూకీ చిత్రం. దర్శకుడు విలియమ్ వెల్‌మన్ మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా పైలట్. టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో దగ్గర అమెరికన్ సైన్యం విమానాలనీ వేలాది సైనికులనీ సమకూర్చితే, నటులే గాల్లోకి ఎగురుతుండగా ఆ దృశ్యాలు తీశారు. వందేళ్ళు కావస్తున్నా ఆ విమానాల దృశ్యాలు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

అందులో నాయిక క్లారా బో. అప్పటికి ఆ చిత్రంలో నటించిన వాళ్ళందరిలోకీ పెద్ద తార ఆమే. ఆమె వేసిన మేరీ అనే అమ్మాయి ఫ్రాన్సులో యుద్ధరంగానికి వెళ్ళి అంబులెన్సు నడుపుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అలా అంబులెన్సులు నడిపిన స్త్రీలు నిజంగానే ఉన్నారు కనుక ఇదీ వాస్తవమే. అయితే కథ ఆమెని ఎక్కడికి తీసుకుపోతుంది? పారిస్‌లో తాగి మత్తులో ఉన్న నాయకుణ్ణి కాపాడడానికి ఒక రాత్రి యూనిఫామ్ విప్పి మెరుపుల గౌను వేసుకుంటుంది. తిరిగి బట్టలు మార్చుకుంటున్నప్పుడు మిలిటరీ పోలీసుల కంటబడుతుంది. వాళ్ళు అనుకోవలసింది అనుకుంటారు, ఆమెని ఇంటికి పంపించేస్తారు. విమానం ఎలా కూలుతుందో అంత శ్రద్ధగా చూపించిన సినిమాకి, అంబులెన్సు నడిపే స్త్రీ రోజు ఎలా గడుస్తుందో చూపించాలన్న ఆసక్తి లేదు. ఆమెకి దక్కింది ఒక గౌను, ఒక అపవాదు. ఆ తర్వాతి దశాబ్దాల యుద్ధ సినిమాల్లో స్త్రీకి మిగిలిన చోటు ఎంతో ఇక్కడే తేలిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక ఆఫీసు ఏర్పడింది. సినిమావాళ్ళు స్క్రిప్టు పంపాలి, పెంటగాన్ చదవాలి, మార్పులు చెప్పాలి. ఒప్పుకుంటే యుద్ధనౌకలు, విమానాలు, ట్యాంకులు, మనుషులు వస్తారు. ఒప్పుకోకపోతే రారు. 1949 నుంచి 1989 దాకా ఆ పని చూసింది డొనాల్డ్ బరూక్, 1989 నుంచి 2018 దాకా ఫిల్ స్ట్రబ్. దాదాపు 70 ఏళ్ళు ఇద్దరు మగవాళ్ళ బల్లల మీదుగా ఈ కథలు నడిచాయి. 1988 నాటి రక్షణ శాఖ నిబంధనల్లో సహాయానికి పెట్టిన షరతుల్లో సైన్య చిత్రణ తగినంత వాస్తవికంగా ఉండాలన్నది ఒకటి. సైన్యంలో కొత్తవాళ్ళు చేరడానికి, ఉన్నవాళ్ళు నిలవడానికి సినిమా ఉపయోగపడడం మరొకటి. ఈ రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉండడం నాకు చాలా విషయాలు చెప్పింది. వాస్తవికత అన్నది ఇక్కడ కళకి సంబంధించిన విలువ కాదు, ఒక సంస్థ జారీ చేసే ధ్రువపత్రం. ఆ పత్రం ఇచ్చే సంస్థే ఆ కథలో ముఖ్య పాత్ర కూడా.

అలాంటి ధ్రువపత్రం ఉన్న సినిమా ఎంత నిజంగా ఉంటుందో తెలుసుకోవాలంటే 1968 నాటి 'ద గ్రీన్ బెరెట్స్' చూడాలి. వియత్నాం యుద్ధాన్ని సమర్థిస్తూ సినిమా తీస్తానని జాన్ వేన్ 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కే ఉత్తరం రాశాడు. జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ బెన్నింగ్ సైనిక స్థావరాన్నే వియత్నాంగా మార్చి చిత్రీకరించారు. హెలికాప్టర్లు, ఆయుధాలు, సైనికులు అన్నీ ఇచ్చి సైన్యం వేసిన బిల్లు సుమారు 18,600 డాలర్లు. ఆయుధాలు అసలువే, యూనిఫాములు అసలువే. చివరి దృశ్యంలో జాన్ వేన్ అనాథ పిల్లవాడి చెయ్యి పట్టుకుని వియత్నాం సముద్రతీరాన నడుస్తూ ఉంటే సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు. వియత్నాం సముద్రం తూర్పున ఉంది! ఈ పొరపాటు మీద ఎన్నో జోకులున్నాయి. నాకు సూర్యుడికన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది అందులోని వియత్నామీ స్త్రీ పాత్ర. శత్రు సేనాపతిని పట్టుకోవడానికి ఆమెని ఎరగా వాడతారు. ఆమె శరీరం ఒక ఆయుధంగా పనికొస్తుంది, పని అయ్యాక ఆమె పరువు పోయిందని ఆమెవాళ్ళే వెలివేస్తారేమోనన్న దిగులు ఆమెకి మిగులుతుంది.

సైన్యం సాయం లేకుండా తీసిన సినిమాలు మరింత నిజాయితీగా ఉంటాయని అనుకోవడం సహజం. కొంతవరకు నిజమే కూడా. కానీ సాయం ఎవరో ఒకరు చెయ్యాలి కదా. 'అపోకలిప్స్ నౌ' (1979) తీసిన ఫ్రాన్సిస్ కొప్పోలాకి పెంటగాన్ సహకరించలేదు. అతను ఫిలిప్పీన్స్ వెళ్ళి నియంత మార్కోస్ సైన్యం నుంచి హెలికాప్టర్లు అద్దెకి తీసుకున్నాడు. చిత్రీకరణ మధ్యలో ఆ హెలికాప్టర్లని అక్కడి తిరుగుబాటుదారుల మీద దాడికి వెనక్కి పిలిచేవాళ్ళు. యుద్ధాన్ని విమర్శించే సినిమాలో పొద్దున నటించిన హెలికాప్టర్ సాయంత్రం నిజం యుద్ధానికి వెళ్ళేదన్నమాట. ఈ సంగతి మనకి వివరంగా తెలియడానికి ఒక కారణం కొప్పోలా భార్య ఎలెనార్ కొప్పోలా. భర్త సినిమా తీస్తుంటే ఆమె పిల్లలతో అక్కడే ఉండి డైరీ రాసింది, చిన్న కెమెరాతో చిత్రీకరించింది. 1979లో ఆమె డైరీ 'నోట్స్' పేరుతో పుస్తకంగా వచ్చింది. ఆమె తీసిన దృశ్యాలు 1991లో 'హార్ట్స్ ఆఫ్ డార్క్‌నెస్' అనే డాక్యుమెంటరీ అయ్యాయి. సినిమాలో అమెరికన్ స్త్రీలంటే సైనికుల వినోదానికి హెలికాప్టర్‌లో దిగే డాన్సర్లే. ఆ సినిమా ఎలా తయారైందన్న నిజాన్ని నమోదు చేసింది మాత్రం కెమెరా వెనక, ఆ వెనక నిలబడిన ఒక గృహిణి.

ఇవాళ మనం వింటున్న 'సైనిక సలహాదారు' అనే ఉద్యోగానికి పేరు తెచ్చింది 'ప్లటూన్' (1986). దర్శకుడు ఆలివర్ స్టోన్ వియత్నాంలో పోరాడి వచ్చినవాడు. రిటైరైన మెరైన్ కెప్టెన్ డేల్ డై నటులందరినీ ఫిలిప్పీన్స్ అడవిలోకి తీసుకుపోయి, దాదాపు రెండు వారాలు కందకాలు తవ్వించి, డబ్బాల తిండి పెట్టి, రాత్రుళ్ళు నిద్రపోనివ్వకుండా కాపలా కాయించాడు. నటనలో కనిపించే ఆ అలసట నిజమైన అలసట. ఆ సినిమాకి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. తర్వాత 'సేవింగ్ ప్రైవేట్ రయాన్' (1998)కి కూడా డై ఇదే పద్ధతి పాటించాడు. మిగతా నటులకి అతని మీద అక్కసు పుట్టాలని మాట్ డేమన్‌ని ఆ శిక్షణకి తీసుకుపోలేదు. మగవాళ్ళ మధ్య అక్కసు కూడా అసలుదే కావాలి! అదే సినిమాలో ముగ్గురు కొడుకుల మరణవార్త అందుకునే తల్లి ఉంది. వంటింట్లోంచి కారు రావడం చూసి, వరండాలోకి వచ్చి, కూలబడిపోతుంది. ఆమె ముఖం కూడా మనకి సరిగ్గా కనపడదు. ఆమె దుఃఖానికి సలహాదారుని ఎవరూ పెట్టలేదు.

స్టాన్లీ కూబ్రిక్ 'ఫుల్ మెటల్ జాకెట్' (1987)లో శిక్షకుడి పాత్ర వేసిన లీ ఎర్మే నిజంగానే మెరైన్ శిక్షకుడిగా పనిచేసినవాడు. మొదట సలహాదారుగా వచ్చి, తన తిట్ల ధాటితో ఆ పాత్రే సంపాదించుకున్నాడు. ఆ తిట్లలో సగం అర్థం ఒకటే: మీరింకా మగవాళ్ళు కాలేదు, ఆడంగులు. గుండు చేయించుకుని వరుసలో నిలబడిన కుర్రాళ్ళని అతను ఆడవాళ్ళని పిలిచినట్టే పిలుస్తాడు. ఇక్కడ వాస్తవికత నిజంగా పని చేసిందని నా అభిప్రాయం. సైనికుణ్ణి తయారుచెయ్యడమంటే అతనిలో ఉన్న ఆడతనం అనబడేదాని మీద అతనికే అసహ్యం కలిగించడమని ఏ సిద్ధాంత గ్రంథమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. మనకిది కొత్త కూడా కాదు. చేతులకి గాజులు తొడుక్కుని కూర్చోలేదని మన సినిమా హీరోలు ఎన్నిసార్లు అనలేదు? ఆ డైలాగుకి హాల్లో ఆడవాళ్ళు కూడా చప్పట్లు కొట్టడం మనం చూడలేదా? గాజులు తొడుక్కున్న చేతులే ఆ చప్పట్లు కొడతాయి.

అమెరికాలో ఈ వియత్నాం కథలన్నీ కలిసి చేసిన పనిని సూసన్ జెఫర్డ్స్ 1989లో ఒక పుస్తకంలో వివరించింది. ఓడిపోయిన యుద్ధాన్ని, గాయపడిన మగతనాన్ని తిరిగి నిలబెట్టుకునే కథగా మార్చుకోవడమే ఇందులో జరిగిందని ఆమె వాదన. ఆ వాదన వెలుగులో చూస్తే తెర మీద లేనిదేమిటో స్పష్టమవుతుంది. వియత్నాంలో సుమారు 11,000 మంది అమెరికన్ స్త్రీలు సైనిక విధుల్లో ఉన్నారని అంచనా. వాళ్ళలో ఎక్కువమంది నర్సులు. వాషింగ్టన్‌లోని స్మారక గోడ మీద చెక్కిన 58,000 పైచిలుకు పేర్లలో ఎనిమిది స్త్రీలవి. బతికి వచ్చిన నర్సులు ఏళ్ళ తరబడి పోరాడితే 1993 నవంబరులో వాళ్ళకి విడిగా ఒక స్మారకం దక్కింది. పెద్ద పేరు తెచ్చుకున్న ఆ నాటి వియత్నాం సినిమాల్లో వాళ్ళు ఎక్కడ? చేతులు కాళ్ళు తెగిపడే దృశ్యాల్లో రక్తం రంగు ఎలా ఉండాలో చర్చించుకున్నవాళ్ళకి, ఆ రక్తం తుడిచిన చేతులు ఎవరివో చూపించాలని తోచలేదు.

వియత్నామీ స్త్రీల సంగతి ఇంకా దారుణం. 1966లో ఒక అమెరికన్ గస్తీ దళం పల్లెలోంచి ఒక యువతిని ఎత్తుకుపోయింది. అయిదుగురిలో నలుగురు ఆమెని చెరిచారు, తర్వాత చంపేశారు. అయిదోవాడు నిరాకరించాడు, బయటికి వచ్చి ఫిర్యాదు చేశాడు. డేనియల్ లాంగ్ 1969లో 'న్యూయార్కర్' పత్రికలో దీని గురించి రాశాడు. దోషులకి పడ్డ శిక్షలు అప్పీళ్ళలో బాగా తగ్గిపోయాయి. బ్రయన్ డి పాల్మా దీన్ని 1989లో 'క్యాజువాల్టీస్ ఆఫ్ వార్' పేరుతో సినిమా తీశాడు. యుద్ధంలో అత్యాచారాన్ని కథకి నేపథ్యంగా కాకుండా కథగానే చెప్పిన కొద్ది సినిమాల్లో ఇదొకటి. అయినా అది ఎవరి కథ? చూస్తూ ఆపలేకపోయిన కుర్రాడి అంతరాత్మ కథ. ఆమె అరుపులకి, ఏడుపుకి సబ్‌టైటిల్ లేదు. ఆమె ఏమంటున్నదో అతనికి అర్థం కాదు కనుక మనకీ అర్థం కానక్కర్లేదు.

ఆలివర్ స్టోన్‌కి ఈ లోటు తట్టినట్టుంది. వియత్నాం మీద అతని మూడో సినిమా 'హెవెన్ అండ్ ఎర్త్' (1993) లే లి హేస్లిప్ అనే వియత్నామీ స్త్రీ ఆత్మకథల ఆధారంగా వచ్చింది. పల్లెలో పొలం పనులు చేసుకునే పిల్ల ప్రభుత్వ సైనికుల చేతుల్లో చిత్రహింసలు పడి, గెరిల్లాల చేతుల్లో అత్యాచారానికి గురై, అమెరికన్ సైనికుణ్ణి పెళ్ళాడి కాలిఫోర్నియా చేరిన కథ. రెండు పక్షాల సైనికులూ ఆమె శరీరం దగ్గర ఒకే పక్షం. అదే దర్శకుడు, అదే యుద్ధం. 'ప్లటూన్'కి నీరాజనం పట్టిన ప్రేక్షకులు దీన్ని పట్టించుకోలేదు. సినిమాగా దానికి లోపాలు లేకపోలేదు. అయినా యుద్ధం నిజంగా ఎలా ఉంటుందో చూడాలని టిక్కెట్టు కొన్నవాళ్ళు ఎవరి నిజం కోసం కొన్నారో ఈ రెండు సినిమాల గతి చెప్తుంది.

మా పెదనాన్న సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాడు. టీవీలో 'బోర్డర్' వచ్చినప్పుడల్లా ఆ రిబ్బను తప్పు, ఈ సెల్యూటు తప్పు అని లెక్కపెట్టేవాడు. ఉత్తరాల పాట రాగానే మాత్రం మౌనంగా అయిపోయేవాడు. ఒకసారి పెద్దమ్మ వంటింట్లోంచే అంది: "ఆ పట్టుచీర కట్టుకుని ఏడ్చేదాన్నే తీస్తారు గానీ, మనియార్డరు వచ్చిందేమోనని చంకలో పిల్లనేసుకుని పోస్టాఫీసు అరుగు మీద కూచున్నదాన్ని ఎవడన్నా తీశాడా?" పెదనాన్న దగ్గర దానికి జవాబు లేదు. యుద్ధానికి సంబంధించిన వాస్తవాల జాబితాలో పోస్టాఫీసు అరుగు ఉండదు. సింథియా ఎన్‌లో తన పుస్తకాల్లో ఏళ్ళ తరబడి చెప్తున్నది ఇదే. సైన్యం నడవడానికి భార్యలు, నర్సులు, స్థావరాల పక్క వ్యభిచార గృహాల్లోని స్త్రీలు, ఫ్యాక్టరీ కార్మికులు అందరూ కావాలి. వాళ్ళు కనపడకుండా ఉండడం కూడా కావాలి.

కనపడే స్త్రీలు ఎలా తయారవుతారో 'టాప్ గన్' (1986) చరిత్ర చూస్తే తెలుస్తుంది. అమెరికన్ నేవీ విమానవాహక నౌకలు, జెట్లు ఇచ్చింది. నిర్మాతలు సుమారు 18 లక్షల డాలర్లు చెల్లించారు. నేవీ స్క్రిప్టు చదివి మార్పులు చెప్పింది. గాల్లో రెండు విమానాలు ఢీకొని గూస్ చనిపోయే సన్నివేశాన్ని, విమానంలోంచి బయటపడబోయి చనిపోయినట్టు మార్పించింది. కొన్ని థియేటర్ల దగ్గర నేవీ భర్తీ బల్లలు పెట్టుకుంది. నాయిక పాత్ర మొదట్లో సైన్యంలో పనిచేసే స్త్రీ. అలాంటి ప్రేమ వ్యవహారాలని నేవీ నియమాలు ఒప్పుకోవు కనుక ఆమెని బయటి నిపుణురాలిగా మార్చారు. ఆ నిపుణురాలికి నమూనా కూడా దొరికింది. మిరమార్ స్థావరంలో పనిచేస్తున్న క్రిస్టీన్ ఫాక్స్ అనే గణిత విశ్లేషకురాలు. ఆమె 2013 డిసెంబరులో రక్షణ శాఖ తాత్కాలిక ఉపమంత్రి అయింది. పెంటగాన్‌లో అప్పటికి ఏ స్త్రీ చేరుకోని స్థానం అది. సినిమా ఆమె దగ్గర తీసుకున్నది ఎత్తు మడమల నడక, తెలివైన మాటలు, ఒక హోదా. ఆమె చేసే లెక్కలు ఏమిటో మాత్రం ఒక్క దృశ్యంలోనూ తెలీదు.

అయిదేళ్ళ తర్వాత, 1991 సెప్టెంబరులో, నేవీ పైలట్ల టెయిల్‌హుక్ సంఘం వార్షిక సమావేశం లాస్ వేగాస్‌లో జరిగింది. హోటల్ మూడో అంతస్తు నడవాలో పైలట్లు రెండు వరుసలుగా నిలబడి, దారిన వచ్చిన స్త్రీలని పట్టుకుని హింసించారు. 83 మంది స్త్రీలు, ఏడుగురు మగవాళ్ళు దాడికి గురయ్యారని రక్షణ శాఖ విచారణే తేల్చింది. బయటికొచ్చి చెప్పిన లెఫ్టినెంట్ పాలా కాఫ్‌లిన్ కూడా పైలటే, హెలికాప్టర్ నడిపేది. నేవీ మంత్రి రాజీనామా చేశాడు. దాడి చేసినవాళ్ళలో ఒక్కరు కూడా కోర్టు మార్షల్‌లో దోషిగా తేలలేదు. 1994లో ఉద్యోగం వదులుకుంటున్నానని ప్రకటించింది కాఫ్‌లినే. 'టాప్ గన్' వల్లే ఇది జరిగిందని నేననను. ఆ సినిమాకి వాస్తవికమని ముద్ర వేసిన సంస్థకి తన నడవాల్లోని వాస్తవం కనపడలేదని మాత్రం అంటాను.

సైన్యంలోని స్త్రీ ఎదుర్కొనే వివక్షని చూపించబోయిన సినిమాలకి ఏమైంది? 'కరేజ్ అండర్ ఫైర్' (1996)లో మెగ్ రయాన్ హెలికాప్టర్ కెప్టెన్. ఆమె ఆజ్ఞని ధిక్కరించిన మగ సైనికులు నిజం దాస్తారు. సైన్యం సహకరించలేదు. 'జీ.ఐ. జేన్' (1997)లో డెమీ మూర్ నౌకాదళ కమాండో శిక్షణకి వెళ్ళే మొదటి స్త్రీ. సంప్రదింపులు జరిగాయి, పొసగలేదు, పెంటగాన్ సాయం లేకుండానే తీశారు. ఇది జరిగే పని కాదన్నారు అప్పట్లో. 2015 ఆగస్టులో ఇద్దరు స్త్రీలు సైన్యం రేంజర్ శిక్షణ పూర్తి చేశారు. ఆ డిసెంబరులో పోరాట విధులన్నీ స్త్రీలకి తెరిచారు. నిజానికి 'జీ.ఐ. జేన్' మీద నాకు ఎన్నో అభ్యంతరాలున్నాయి. గుండు గీయించుకుని, మగవాళ్ళ బూతే తిరిగి తిడితేనే సమానత్వం అనడం నాకు మింగుడుపడదు. కానీ వాస్తవికంగా లేదని సహాయం నిరాకరించడం, అదే వాస్తవికత పేరుతో 'టాప్ గన్'కి నౌక ఇవ్వడం పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇప్పుడు కాలం మారింది, వీర వనితల్ని సైన్యమే ఆహ్వానిస్తోంది. 'కెప్టెన్ మార్వెల్' 2019 మార్చి 8న, అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు విడుదలైంది. నాయిక అమెరికన్ వైమానిక దళం పైలట్. దళం మనస్ఫూర్తిగా సహకరించింది, ఆ ఊపులో స్త్రీల భర్తీకి ప్రకటనలూ చేసింది. రెండు నెలలు తిరక్కుండా పెంటగాన్ తన వార్షిక నివేదిక ప్రకటించింది. 2018లో సుమారు 20,500 మంది సైనిక సిబ్బంది లైంగిక దాడులకి గురయ్యారని దాని అంచనా, 2016 కన్నా ఎక్కువ. ఆకాశంలో ఎగిరే అమ్మాయి బొమ్మని అచ్చు వేసిన సంస్థే ఈ అంకెనీ అచ్చు వేసింది. మొదటిది మాత్రమే తెర మీదకి వచ్చింది.

మన దేశంలో ఇదే ప్రశ్న 2020లో ఒకేసారి రెండు చోట్ల లేచింది. ఆ ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు సైన్యంలో స్త్రీ అధికారులకి శాశ్వత కమిషన్ ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ కేసులో ప్రభుత్వం వాదన గుర్తుందా? పల్లెల నుంచి వచ్చిన మగ సైనికులు స్త్రీ ఆజ్ఞాపిస్తే అంగీకరించే మానసిక స్థితిలో లేరని. ఆగస్టులో కార్గిల్ యుద్ధ కాలపు హెలికాప్టర్ పైలట్ మీద తీసిన 'గుంజన్ సక్సేనా' వచ్చింది. అందులో మగ పైలట్లు ఆమెని చిన్నచూపు చూడడం, ఆమెకి బట్టలు మార్చుకునే గది లేకపోవడం ఉన్నాయి. తమని అనవసరంగా చెడ్డగా చూపించారని వైమానిక దళం సెన్సార్ బోర్డుకి ఉత్తరం రాసింది. అప్పటికే జులైలో రక్షణ శాఖ, సైన్యం మీద తీసే సినిమాలకి, సిరీస్‌లకి ముందుగా తమ అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలని కోరింది.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. గుంజన్‌తో పాటు పనిచేసిన శ్రీవిద్య రాజన్ సినిమాలో చూపించిన బలప్రదర్శన వంటి అవమానాలు జరగలేదని రాసింది. తొలినాళ్ళలో కొందరిలో పక్షపాతం ఉన్నదనీ, విడి గదులు లేవనీ, సహోద్యోగులు సాయపడ్డారనీ చెప్పింది. సంస్థ స్థాయిలో తనకి వివక్ష ఎదురుకాలేదని గుంజన్ కూడా చెప్పింది. సినిమా కల్పన చేసింది, ఆ విమర్శ న్యాయమైనదే. అయితే ఆ విమర్శ చెయ్యగల అర్హత ఎవరిది? అదే గది కోసం వెతుక్కున్న శ్రీవిద్యది. ఆమె చెప్పిన సూక్ష్మమైన నిజం సంస్థ ఉత్తరంలోకి రాదు. సంస్థకి గౌరవం ఉంది, లేదు అన్న రెండే మాటలు కావాలి. ఒకే ఏడాది కోర్టులో మగ సైనికులు స్త్రీ ఆజ్ఞని అంగీకరించరని వాదించిన ప్రభుత్వం, సినిమాలో ఆ మాటే చూపిస్తే అవాస్తవమంది.

మన తెలుగులో వచ్చిన 'ఘాజీ' (2017) కథ విశాఖపట్నం దగ్గర సముద్రంలో, 1971లో జరుగుతుంది. జలాంతర్గామి లోపలి ఇరుకు, చెమట, సోనార్ చప్పుడు శ్రద్ధగా చిత్రించిన సినిమా, నాకు నచ్చింది కూడా. అందులో ఉన్న ఒకే ఒక్క ముఖ్య స్త్రీ పాత్ర తూర్పు పాకిస్తాన్ నుంచి వస్తూ సముద్రంలో చిక్కుకుని, ఒక చిన్నపిల్లతో పాటు రక్షింపబడిన శరణార్థి. ఆమెకి మాటలు తక్కువ. ఆ ఏడాది ఆ నేల మీద లక్షల్లో స్త్రీలు సైనికుల చేతుల్లో పడ్డారు. స్వతంత్ర బంగ్లాదేశ్ వాళ్ళకి బీరాంగన అని బిరుదిచ్చి, ఆనక మర్చిపోయింది. నీలిమా ఇబ్రహీం వాళ్ళ మాటలని పుస్తకంగా తెచ్చేసరికి 1994 అయింది. జలాంతర్గామిలోకి ఆ స్త్రీని ఎక్కించుకున్న సినిమా ఆమె ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క నిమిషం అడిగివుంటే, లోపలి మగవాళ్ళు ఎందుకోసం పోరాడుతున్నారో కూడా మరింత బాగా తెలిసేది.

వాస్తవికత మనకి అక్కర్లేదని నేననడం లేదు. దాన్ని మగవాళ్ళకి వదిలేసి, యుద్ధ సినిమాలన్నీ ఒకటేలే అని దులిపేసుకోవడం మనకి నష్టం. బొత్తాం దగ్గర, బూటు లేసు దగ్గర చూపించిన పట్టింపు మంచిదే. ఆ పట్టింపు పోస్టాఫీసు అరుగుకి, హోటల్ నడవాకి, నర్సు చేతులకి, ఎత్తుకుపోయిన అమ్మాయి భాషకి కూడా కావాలని అడుగుదాం. సినిమా మొదలయ్యే ముందు కృతజ్ఞతల కార్డు పడుతుంది కదా, ఏ దళం సహకరించిందో, సలహాదారు ఏ హోదాలో రిటైరయ్యాడో చెప్తూ. ఇకనుంచి దాన్ని చివరిదాకా చదువుదాం. ఆ జాబితాలో ఒక్క స్త్రీ పేరైనా ఉందా, ఉంటే ఆమెని ఏ విషయం మీద సలహా అడిగారు అని చూద్దాం. చాలా సినిమాలకి ఆ కార్డు దగ్గరే విమర్శ మొదలుపెట్టవచ్చు.